ఐలీ రౌటియో ఒకే ఒక్క పదవీకాలం

1974 నవంబరు మూడో గురువారం, హెల్మి లేక్ బడి వంటశాలలో ఐలీ రౌటియో నాలుగువందల మంది పిల్లలకి బఠానీ సూపు కలుపుతోంది. అక్కడికి ముప్ఫై మైళ్ళ దూరంలో, జిల్లా కోర్టు భవనం రెండో అంతస్తులో, పదకొండు మంది గుమాస్తాలు ఆమెకి పడ్డ ఓట్లని మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతున్నారు. వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకి జరిగిన ఎన్నిక అది. లక్షా డెబ్బై వేల పైచిలుకు ఓట్లలో ఆమెకి వచ్చిన ఆధిక్యం నూట అరవై మూడు. ఓడినాయన ఊరుకుంటాడా, మళ్ళీ లెక్కించమన్నాడు.

నిజానికి ఆ రోజు ఆమె వంటశాలలో ఉండాల్సిన పని లేదు. ఎన్నికల కోసం పెట్టిన సెలవు ఇంకా నెల మిగిలే ఉంది. ఇంట్లో ఫోను పక్కన కూర్చోలేక పొద్దున్నే వచ్చి ఏప్రన్ కట్టుకుంది.

"అడుగంటుతుందని ఎన్నిసార్లు చూస్తావు? నేనున్నాగా," అంది పెద్ద వంటమనిషి ఇంపి. "ఆ గరిట ఇటిచ్చి కాస్త కూర్చో."

"కూర్చుంటే లెక్కే గుర్తొస్తుంది ఇంపీ."

పన్నెండు దాటాక వెనక తలుపు తోసుకుని ఆమె భర్త వైనో వచ్చాడు. ఖనిజం మోసే రైళ్ళలో బ్రేకులు చూసే మనిషి. ఒంటిమీద ఇంకా పనికోటే ఉంది. స్టేషను ఫోనుకి కబురొస్తే రైలు అక్కడే మరొకరికి అప్పజెప్పి వచ్చాడు. అసలే మాట తక్కువ.

"నూట నలభై ఒకటి," అన్నాడు.

ఐలీ మొహం తెల్లబోయింది. "పోయాయా?"

"మిగిలాయి. ఇరవై రెండు పోయాయి, నూట నలభై ఒకటి మిగిలాయి. గెలిచావు."

వంటవాళ్ళంతా చుట్టూ మూగి చేతులు పట్టుకుని ఊపేస్తుంటే ఐలీ పిండి డబ్బా మీద కూలబడింది. కాసేపటికి ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట విని ఇంపి నెత్తి కొట్టుకుంది.

"ఆ ఇరవై రెండూ ఎవరివై ఉంటాయంటావు?"

ఐలీది మొదటినుంచీ అదే తీరు. గెలిచిన చోట కూడా జారిపోయినదాన్నే వెతుక్కుంటుంది. ఇంటికి తాళం వేసి పొయ్యి ఆర్పానో లేదో అని వెనక్కి రావడం, పడుకోబోయే ముందు కిటికీ గడియలన్నీ రెండుసార్లు చూడటం, నలుగురిలో మాట్లాడాలంటే ముందురోజు నుంచే కడుపులో నొప్పి. ఆ మనిషి రాజకీయాల్లోకి ఎలా వచ్చిందంటే, పాల గ్లాసు వల్ల.

1966లో రాష్ట్రప్రభుత్వం బడి భోజనాల్లో పాలు తగ్గిస్తానంది. బడి వంటవాళ్ళ సంఘం తరఫున నలుగురు రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ వెళ్ళారు. అక్కడ శాసనసభ కమిటీ ముందు మాట్లాడాల్సిన ఆవిడకి గొంతు పట్టేయడంతో కాగితం ఐలీ చేతికిచ్చారు. చేతులు వణికి కాగితం మీద అక్షరాలు ఆనలేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సోమవారాలు పిల్లలు ఎలా తింటారో చెప్పింది. శనాదివారాలు ఇంట్లో సరైన తిండి లేని పిల్లలెవరో సోమవారం గరిట పట్టుకున్నవాళ్ళకి తెలిసిపోతుందంది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. పాలు తగ్గలేదు.

ఆ ఏడే వాళ్ళ ప్రాంతపు శాసనసభ్యుడు వయసు మీదపడి తప్పుకున్నాడు. గని కార్మికుల సంఘం కార్యదర్శి ఇద్దరిని వెంటబెట్టుకుని ఐలీ ఇంటికొచ్చి, ఆమె పెట్టిన ఏలకుల రొట్టె తిని, కాఫీ తాగి, అసలు సంగతి చెప్పాడు.

"నేనా? నాకు మాట్లాడాలంటేనే భయం," అంది ఐలీ.

"అందుకేనమ్మా. నువ్వు భయపడుతూ మాట్లాడతావు. అంత భయపడే మనిషి అబద్ధమేం ఆడుతుందిలే అనుకుంటారు జనం."

అలా నాలుగుసార్లు రాష్ట్ర శాసనసభకి వెళ్ళింది. జనవరి నుంచి మే దాకా సెయింట్ పాల్‌లో అద్దెగది, సభ ముగియగానే మళ్ళీ బడి వంటశాల. సభలో బిల్లుల్ని చివరి పేజీ దాకా చదివేవాళ్ళు నలుగురైదుగురు ఉంటే అందులో ఐలీ ఒకతె. చదవకపోతే నిద్రపట్టేది కాదు.

1969లో వచ్చిన బిల్లు ఒకటి మాత్రం ఆమెని కొంచెం కూడా భయపెట్టలేదు. హెల్మి లేక్ కొండమీద గని కంపెనీకి పెద్ద మట్టికట్ట ఉంది. రాతిని పొడిచేసి ఇనుము తీసేశాక మిగిలే బూడిదరంగు బురదనంతా ఆ కట్ట వెనక చెరువులా నిలవేస్తారు. చెరువు నిండిపోవచ్చింది. కట్టని ఇంకో నలభై అడుగులు పెంచుకోనివ్వాలని కంపెనీ అడిగింది. పెంచకపోతే మిల్లు ఆగుతుంది, ఆరువందల నలభై మందికి పని పోతుంది. ఆ ఆరువందల నలభై మందిలో ఐలీ తమ్ముడు టౌనో ఒకడు, కట్టమీద పంపులు చూసేవాడు. ఐలీ మూడు ప్రశ్నలు అడిగింది. ఇంజినీరు పటాలు పరిచి మూడింటికీ జవాబిచ్చాడు. ఆమె అనుకూలంగా ఓటేసి, సభలో మాట్లాడింది కూడా. ఆ రోజు కడుపునొప్పి రాలేదు. కట్టకి సరిగ్గా దిగువన, వాగు పక్కన ఉన్న కాస్కి అనే చిన్న ఊరివాళ్ళు ఆమెకి కేకు చేసి తెచ్చారు. తెచ్చింది సైమి కోస్కెలా, ఐలీతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి.

*

వాషింగ్టన్ ఆమెకి నచ్చలేదు, నచ్చలేదని చెప్పుకోవడానికీ మొహమాటపడింది. పట్టుమని ఇరవై మంది ఆడవాళ్ళు లేని సభ అది. తన గది నుంచి కమిటీ హాలుకి దారి తప్పకుండా చిన్న కాగితం మీద మలుపులు రాసుకుంది. కార్యదర్శి డెలోరిస్ ఫ్యూగ్ ఇరవయ్యేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఐలీ వచ్చిన ప్రతి ఉత్తరానికీ స్వయంగా జవాబు రాయడం చూసి, "ఇలా అయితే రెండేళ్ళకే చచ్చిపోతారు మేడమ్," అంది. "రెండేళ్ళకే కదమ్మా ఎన్నుకున్నారు," అంది ఐలీ.

ఆమెకి దక్కిన కమిటీ ఆనకట్టలు, రేవులు, కాలువల కమిటీ. దేశంలో ఉన్న కట్టలన్నిటినీ కేంద్రం తనిఖీ చేయాలన్న బిల్లు అప్పుడే కమిటీ ముందుకొచ్చింది.

1975 ఆగస్టులో సభకి సెలవులిస్తే ఇంటికొచ్చింది. శనివారం సాయంత్రం అందరూ పెరటి ఆవిరిగదిలో, సౌనాలో, ఒళ్ళు కాచుకున్నాక, టౌనో మెడలో తువ్వాలుతో వాకిలి మెట్లమీద కూర్చున్నాడు. లోపల పిల్లలు అల్లరి చేస్తున్నారు. ఐలీ కాఫీ కప్పులు రెండు తెచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నీకో మాట చెప్పాలి. చెప్పాక మాత్రం నేను చెప్పలేదనుకోవాలి."

"ఏం చేశావురా?"

"నేనేం చెయ్యలేదు. కట్టే ఏదో చేస్తోంది."

ఐలీ కప్పు కింద పెట్టింది.

"కట్ట అడుగున ఊట నీరు వస్తుంది. ఏ మట్టికట్టకైనా వస్తుందిలే, తేటగా వస్తే దిగులు లేదు. జూన్ నుంచి మసగ్గా వస్తోంది. మసగ్గా వస్తోందంటే లోపల మట్టిని మోసుకొస్తోందన్నమాట. ఎక్కడో బుంగ పడుతోంది."

"ఫోర్‌మన్‌కి చెప్పావా?"

"చెప్పాను. డ్యూటీ పుస్తకంలో రాశాను కూడా. మర్నాడు చూస్తే ఆ పేజీ లేదు. దాని చోట కొత్త పేజీ ఉంది, 'అంతా మామూలే' అని. అది నా చేతిరాత కాదు."

"ఇంకెవరికి తెలుసు?"

"షిఫ్టుకి ఇద్దరం. రెండోవాడు కళ్ళు మూసుకుని తిరుగుతున్నాడు. అక్కా, నా పేరు బయటికొచ్చిందంటే ఈ కొండల్లో ఏ గనిలోనూ నన్ను గేటు దాటనివ్వరు. ముగ్గురు పిల్లలు. కానీ కింద కాస్కిలో నలభై మూడు ఇళ్ళున్నాయి. రోజూ పైనుంచి వాళ్ళ కప్పులు చూస్తుంటాను." చెప్పనా వద్దా అన్నట్టు, "నువ్వు చెయ్యెత్తి ఓటేసిన కట్టే కదా," అన్నాడు.

వెళ్ళేముందు కారులోంచి ఒక గాజుసీసా తెచ్చి ఇచ్చాడు. ఊరగాయలు పెట్టుకునే మామూలు సీసా. మూడొంతులు నీళ్ళు. ఊపకుండా నిలబెడితే అరగంటలో అడుగున గోరుమందాన బూడిదరంగు మట్టి పేరుకుంది.

ఆ తర్వాత వారానికో సీసా వచ్చేది. టౌనో వైనోకి ఇస్తాడు, వైనో దాన్ని రంపపు పొట్టులో పొదిగి, పెట్టెమీద 'దోసకాయ ఊరగాయ' అని రాసి పోస్టులో పంపిస్తాడు. వాషింగ్టన్‌లో ఐలీ వాటిని కిటికీ గట్టుమీద తేదీల వారీగా పెట్టుకుంది. సెప్టెంబరు చివరికి అడుగునున్న మట్టి అరవేలు మందమైంది.

"ఇవేం ఊరగాయలు మేడమ్, కాయలే లేవు?" అంది డెలోరిస్.

"ఇంకా ఊరుతున్నాయి," అంది ఐలీ. తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు. ఆ గదికి వచ్చే వాళ్ళని మాత్రం కిటికీ వైపు కూర్చోనిచ్చేది కాదు.

సీసాలున్నాయి గానీ వాటిని ఎవరికీ చూపించలేదు ఐలీ. చూపిస్తే ఎక్కడివని అడుగుతారు. కట్ట అడుగుకి వెళ్ళే మనుషులు నలుగురైదుగురు, వాళ్ళలో ఒకడు ఆమె తమ్ముడు. ఎవరో కనిపెట్టడం అడిగినవాడికి రెండు నిమిషాల పని.

అందుకని ఊరికొచ్చినప్పుడు తిన్నగా కంపెనీ మేనేజరు దగ్గరకే వెళ్ళింది. క్లిఫర్డ్ డ్రైలింగ్ మర్యాదస్తుడు. తన కారులో స్వయంగా కట్టపైకి తీసుకెళ్ళాడు. పైన పచ్చగా గడ్డి పెరిగి చూడముచ్చటగా ఉంది.

"చూశారుగా రౌటియోగారూ. కొండ కంటే గట్టిది."

"అడుగున కూడా ఒకసారి చూస్తాను."

"అక్కడంతా బురదండీ. మీ బూట్లు పాడైపోతాయి."

"నేను పదిహేడేళ్ళు వంటశాలలో నిలబడ్డాను. బూట్లదేముంది."

"ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దురుగాని," అని డ్రైలింగ్ కారు తిప్పాడు. తిప్పుతూ, పొరపాటున అడిగినట్టు, "ఇంతకీ మీకు ఈ అనుమానం ఎవరు పెట్టారండీ?" అన్నాడు. "నాకు అనుమానాలు ఎవరూ పెట్టక్కర్లేదు, నా అంతట నాకే పుడతాయి. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు," అంది. అతను నవ్వాడు. ఆ నవ్వు వారం రోజులు ఆమెని పీడించింది.

రాష్ట్రానికి ఉత్తరం రాస్తే, కట్టని ఆ ఏడే తనిఖీ చేశామనీ లోపాలేవీ లేవనీ జవాబొచ్చింది. ఐలీ తేదీ చూసింది. తనిఖీ జనవరిలో జరిగింది. జనవరిలో కట్ట అడుగున నాలుగడుగుల మంచు ఉంటుంది.

అక్టోబరులో కమిటీ ముందుకి సవరణ వచ్చింది. గని కట్టల్ని తనిఖీ చట్టం నుంచి మినహాయించాలని. సొంత ఊరి గని కార్మికుల సంఘం కూడా మినహాయింపుకే ఓటెయ్యమని ఆమెకి తంతి పంపింది. ఐలీ లేచి, మినహాయించవద్దంది. ఎందుకని అడిగితే, కట్టకి దిగువనున్న వాళ్ళకి అది గని కట్టో కాలువ కట్టో తేడా తెలియదంది. అంతకు మించి చెప్పలేకపోయింది. పద్నాలుగుకి పంతొమ్మిది. ఓడిపోయింది.

మర్నాడు పొద్దున కమిటీ చైర్మన్ లూథర్ క్రెన్‌షా గదికి వెళ్ళింది. దక్షిణాది ముసలాయన. ముప్ఫై ఏళ్ళుగా గెలుస్తూనే ఉన్నాడు. వేరుశనక్కాయలు వొలుచుకు తింటూ ఆమెని కూర్చోమన్నాడు.

"మీ ప్రాంతపు రేవు బిల్లుకి ఒక ఓటు తక్కువైందని విన్నానండీ," అంది ఐలీ.

"సరిగ్గానే విన్నావమ్మా. అది దండగమారి రేవని పోయిన నెల నువ్వే అన్నావు."

"ఇప్పటికీ అదే అంటాను. అయినా ఓటేస్తాను. మీరు ఆనకట్టలు చూసే సైన్యం ఇంజినీర్ల పెద్దకి ఒక్క ఉత్తరం రాయాలి. మా ఊరి కట్ట ఒకటి చూసి రమ్మని, మంచు కరిగే రోజుల్లో. ఆ ఉత్తరంలో నా పేరు కూడా ఉండనివ్వండి. ఇంకెవరి పేరూ వద్దు."

క్రెన్‌షా వొలవడం ఆపాడు. "మీ ఊళ్ళో నిన్ను తినేస్తారు, తెలుసా?"

"తెలుసు."

"నాకు ఒక కూతురుంది. అచ్చం నీలాగే, పిడుగు పడకముందే వణుకుతుంది," అని కాగితం అందుకున్నాడు.

ఐలీ రేవుకి ఓటేసింది. ఎనిమిదేళ్ళు సెయింట్ పాల్‌లో ఎవరితోనూ ఇచ్చిపుచ్చుకోని మనిషి. ఆ రోజు గదికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కుంది.

*

1976 ఏప్రిల్‌లో ముగ్గురు ఇంజినీర్లు వచ్చారు. కట్ట వెనక చెరువులో ఆకుపచ్చ రంగు కలిపారు. కట్ట బాగుంటే ఆ రంగు కింద ఊటలోకి రావడానికి వారాలు పట్టాలి. నలభై నిమిషాల్లో వచ్చింది. చెరువు సగానికి పైగా దించమనీ, బాగుచేసేదాకా కొత్త బురద పోయకూడదనీ ఉత్తర్వు ఇచ్చారు. బురద పోయడానికి చోటు లేకపోతే మిల్లు నడవదు. మే మొదటివారంలో మిల్లు ఆగింది. అయిదు నెలలు ఆగింది.

ఆ అయిదు నెలలూ ఐలీ ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా ఎలా నడిచిందో ఆమెకే తెలియాలి. సహకార దుకాణంలో ఆమె ఒక వరుసలోకి వస్తే అక్కడున్నవాళ్ళు బండి తోసుకుంటూ పక్క వరుసలోకి పోయేవాళ్ళు. చర్చిలో ఆమె బెంచీ ఖాళీగా ఉండేది. వైనోతో రైల్లో పనిచేసేవాళ్ళు భోజనం వేళ లేచి వేరే పెట్టెలోకి వెళ్ళేవాళ్ళు. నాలుగు దారుల కూడలిలో ఎవరో బోర్డు పాతారు: 'ఆరువందల నలభై ఇళ్ళ పొయ్యి ఆర్పిన వంటమనిషి'. ఆ బోర్డు ముందునుంచే ఆమె ఇంటికి దారి.

ఒకరోజు దుకాణంలో సైమి ఎదురుపడింది. సైమి మొగుడు ఐనో కూడా మిల్లు మనిషే.

"సైమీ, ఆ కట్ట మీ నెత్తిమీదే ఉంది," అంది ఐలీ.

"నా నెత్తిమీద ఏడేళ్ళుగా ఉంది. అది పడలేదు. నువ్వే పడ్డావు," అని సైమి వెళ్ళిపోయింది.

అన్నిటికంటే ఆమెని కాల్చింది ఇంకొకటి. పెల్టోలా సారాకొట్లో పని లేని మగాళ్ళంతా చేరుతున్నారు, వాళ్ళ చూపులు టౌనో మీదకి తిరుగుతున్నాయి. 'పంపుల దగ్గరుండేది నువ్వు, వాషింగ్టన్‌లో ఉన్నది మీ అక్క, మధ్యలో మేం వెర్రివాళ్ళమా' అని ఒకడు అననే అన్నాడట. వైనో ఆ సంగతి ఫోనులో చెప్పాడు.

"వాణ్ణి నన్ను తిట్టమను," అంది ఐలీ. "అందరికంటే గట్టిగా తిట్టమను. మెత్తగా తిడితే నమ్మరు."

టౌనో తిట్టాడు. ఎంత బాగా తిట్టాడంటే ఆ మాటలు ఊరంతా వల్లెవేసింది. ఐలీ చెవికి కనీసం ఆరుగురు మోసుకొచ్చారు. వాటిలో ఒక మాట ఉంది: "మా అమ్మ పోతున్న రోజు కూడా ఆవిడ సెయింట్ పాల్‌లో చప్పట్లు కొట్టించుకుంటూ కూర్చుంది." అమ్మ పోయినప్పుడు సభ జరుగుతున్న మాట నిజం. మంచు తుపానుకి రోడ్లు మూసేసిన మాట కూడా నిజమే, అది టౌనోకీ తెలుసు. తిట్టమన్నది తనేనని ఎంత చెప్పుకున్నా ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఐలీకి ఊపిరాడేది కాదు.

జులైలో కట్టని తవ్వుతుంటే బుంగ బయటపడింది. మనిషి మోచేతులమీద పాక్కుంటూ ముప్ఫై అడుగులు లోపలికి పోవచ్చు. ఇంజినీర్లు ఫొటో తీశారు. తవ్వకం వల్లే అది ఏర్పడిందని కంపెనీ పేపర్లో ప్రకటన ఇచ్చింది. ఊళ్ళో ఎక్కువమంది దాన్నే నమ్మారు. పని లేక కూర్చున్నవాడికి ఫొటో కంటే ఆ ప్రకటనే దగ్గరగా అనిపించింది.

సెప్టెంబరులో సొంత పార్టీలోనే అభ్యర్థిత్వం కోసం పోటీ జరిగింది. దానికి వారం ముందు టౌనో ఆమె ఇంటికొచ్చాడు, వెనకదారిన.

"నేను చెప్పేస్తానక్కా. సీసాల సంగతి, పేజీ సంగతి, అన్నీ. నువ్వు గెలుస్తావు."

"గెలవను. నువ్వు పనిలోంచి పోతావు, నేనూ ఓడిపోతాను. రెండూ ఎందుకు?"

"నేనన్న ఆ మాట..."

"ఇప్పుడొద్దురా," అంది ఐలీ. "ఇప్పుడు వింటే ఏడుస్తాను, రేపు రేడియోలో మాట్లాడాలి."

ఆరువేల ఓట్ల తేడాతో ఓడిపోయింది. కాస్కిలో ఆమెకి పడ్డవి పదకొండు ఓట్లు. ఆ పదకొండూ ఎవరివో ఆమె ఎవర్నీ అడగలేదు. అక్టోబరులో మిల్లు మళ్ళీ తిరిగింది. జనవరిలో వాషింగ్టన్ గది ఖాళీ చేస్తున్నప్పుడు, సీసాలేం చెయ్యమంటారని డెలోరిస్ అడిగింది. పారబోసి కడిగేయమంది ఐలీ.

*

1977 చలికాలంలో మంచు విపరీతంగా పడింది. మార్చి ఆఖరికి ఇళ్ళ కిటికీల సగం దాకా ఉంది. ఏప్రిల్ పదకొండున ఒక్కసారిగా ఎండకాసి, వెంటే వాన పట్టుకుంది. కొండమీద మంచంతా నీరై కట్ట వెనక చెరువులోకి దిగుతోంది. బాగుచేశాక కట్టకి అదే మొదటి పరీక్ష. మేనేజరు డ్రైలింగ్ రేడియోలో భయమేమీ లేదని చెప్పాడు. రేడియోలో ఆయన అలా చెప్పడం మొదలుపెట్టాకే కాస్కిలో భయం పుట్టింది.

ఆ మధ్యాహ్నం ఐలీ, మళ్ళీ పనిలో చేరిన బడి వంటశాల నుంచి వచ్చేసరికి సైమి వాకిట్లో తడుస్తూ నిలబడి ఉంది.

"లోపలికి రా, నిలబడ్డావేం?"

"రాను. ఒకటి అడిగి పోతాను. అది నిలుస్తుందా?"

"ఇంజినీర్లు నిలుస్తుందన్నారు."

"వాళ్ళ సంగతి కాదు. నువ్వేమంటావు?"

ఐలీ అబద్ధం చెప్పాలనే అనుకుంది, నోరు రాలేదు. "నాకు తెలియదు సైమీ. కిందటేడు కంటే గట్టిగా ఉంది. నేనైతే మాత్రం ఈ వారం మీ ఇంట్లో పడుకోను."

సైమి తల వంచుకుని బూట్ల మీద కారుతున్న నీళ్ళు చూసుకుంది. "మేం ఆరుగురం. మా అత్తకి మెట్లెక్కడం రాదు."

"కింది గది ఇద్దాం. పక్కింటి వాళ్ళని కూడా రమ్మను."

అయిదు ఇళ్ళవాళ్ళు వచ్చారు. మొత్తం పంతొమ్మిది మంది, రెండు కుక్కలు, బుట్టలో ఒక కోడి. తొమ్మిది రోజులున్నారు. మగాళ్ళు మిల్లుకి వెళ్ళొచ్చి సౌనా గదిలో బల్లలమీద పడుకునేవాళ్ళు. ఐలీ బడిలో నాలుగువందల మందికి వండి, ఇంటికొచ్చి ఇరవై ఒక్కమందికి వండింది. మొదటి రెండు రోజులూ ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. కూరలో ఉప్పు చాల్లేదని ఐనో అన్నాడు మూడోరోజు, అక్కణ్ణుంచి కాస్త మాటలు మొదలయ్యాయి.

ఏడో రోజు ఆదివారం. వాన ఆగలేదు. అందరూ కాఫీకి కూర్చున్నప్పుడు టౌనో డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఒళ్ళంతా బురద. నీరు ఎంతవరకొచ్చిందని పదిమంది ఒకేసారి అడిగారు.

"అంచుకి ఇంకా ఆరడుగులుంది. ఊట తేటగా ఉంది. ఇందాకే దోసిట్లో పట్టి చూశాను." కుర్చీ ఇస్తే కూర్చోలేదు. "పోయినసారి మసగ్గా వచ్చింది. అప్పుడు కూడా నేనే చూశాను. నేనే సీసాలో పట్టి అక్కకిచ్చాను. డ్యూటీ పుస్తకంలో రాస్తే పేజీ చించేశారు. ఇంజినీర్లని రప్పించింది నా మాటమీద."

"టౌనో," అంది ఐలీ.

"ఉండక్కా. నా పేరు చెప్పొద్దని నేనే అడిగాను. చెప్పకుండా ఓడిపోయింది."

ఐనో అందుకున్నాడు: "పెల్టోలా కొట్లో అందరికంటే ఎక్కువ తిట్టింది నువ్వేగా."

"అవును."

"మీ అమ్మ సంగతి కూడా అన్నావు."

"అవును. అదొక్కటీ ఎవరూ అనమనలేదు. గట్టిగా తిట్టాలని నోటికొచ్చింది అనేశాను." అక్క వైపు తిరిగాడు గానీ మొహం చూడలేకపోయాడు. "తుపానులో రోడ్డు మూసేస్తే నువ్వు పదహారు మైళ్ళు మంచు తోసే బళ్ళవాళ్ళని బతిమాలుకుంటూ వచ్చావని కూడా చెప్పాల్సింది. చెప్పలేదు."

ఐలీ లేచి అతని కోటు విప్పించి, పొయ్యి దగ్గర తగిలించింది. "కూర్చో, చల్లారిపోతుంది," అని మాత్రం అంది. సైమి తన పక్కన చోటిచ్చి, రొట్టె కోసి అతని ముందు పెట్టింది. సైమి అత్త, తొంభై దగ్గర పడ్డావిడ, ఇదంతా విని, ఆ చించేసిన పేజీ ఎవరు చించారో వాణ్ణి ఒకసారి తన దగ్గరికి తీసుకురమ్మంది. అప్పుడు నవ్వారు, భయంలోనే నవ్వారు.

కట్ట నిలిచింది. ఇరవయ్యో తారీఖున నీరు దిగడం మొదలైంది, కాస్కివాళ్ళు మంచాలు, కుక్కలు, కోడితో సహా వెళ్ళిపోయారు. బుంగ పూడ్చకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. అందుకని ఐలీ చేసింది సరైనదేనని ఊరు ఎప్పుడూ ఒక్క గొంతుతో ఒప్పుకోలేదు. ఇప్పటికీ అయిదు నెలల సంగతి తలుచుకుని తిట్టేవాళ్ళు ఉన్నారు. టౌనోని కంపెనీ ఆ వేసవిలోనే పనిలోంచి తీసేసింది. సంఘం అడ్డుపడి కేసు వేసింది, పద్నాలుగు నెలలకి మళ్ళీ తీసుకున్నారు, పంపుల దగ్గర కాదు, గోదాములో.

1978లో ఐలీ పాత స్థానానికే, రాష్ట్ర శాసనసభకి నిలబడింది. వాషింగ్టన్‌కి మళ్ళీ వెళ్ళమని అడిగినవాళ్ళు లేకపోలేదు. తన ఊరి కప్పులు కనిపించనంత దూరంలో ఉంటే తనకి ఇంకా ఎక్కువ భయమేస్తుందని వాళ్ళకి చెప్పింది. ఈసారి ఆధిక్యం తొమ్మిదివందల చిల్లర. కాస్కి ఓట్లు పెట్టెలోంచి తీసి చదువుతున్నప్పుడు సైమి కోర్టు భవనంలోనే కూర్చుంది. ఫోను ఎత్తి, "ఐలీ, నీకు మా ఊళ్ళో డెబ్బై నాలుగు. పడనివి ఎవరివో నాకు తెలుసు, నువ్వు మాత్రం అడక్కు," అంది.